తెరమీది ఓరుగల్లు: మధ్యయుగ వీరగాథా చిత్రాలు, ప్రేక్షకుల తీర్పు

కోట, ముట్టడి, ప్రతిజ్ఞ, ద్రోహం, చివరికి కత్తి. ఐరోపా సినిమా ఈ సరంజామాతో జెరూసలేం కోసం పోరాడిన క్రూసేడు వీరుల చిత్రాలు తీసింది. తెలుగు సినిమా దాదాపు అదే సరంజామాతో పల్నాటి, బొబ్బిలి, ఓరుగల్లు కథలు తీసింది. ఈ కోవలో ప్రేక్షకుల అభిప్రాయాలను గట్టిగా రెండుగా చీల్చిన చిత్రం గుణశేఖర్ తీసిన ‘రుద్రమదేవి’. 2015 అక్టోబరు 9న విడుదలైన ఈ చిత్రానికి కథ, దర్శకత్వం, నిర్మాణం ఆయనవే. రుద్రమగా అనుష్క, గోన గన్నారెడ్డిగా అల్లు అర్జున్, చాళుక్య వీరభద్రుడిగా రానా, గణపతిదేవుడిగా కృష్ణంరాజు, శివదేవయ్యగా ప్రకాశ్‌రాజ్ నటించారు. ఇళయరాజా సంగీతం, తోట తరణి కళ, పరుచూరి సోదరుల మాటలు, చిరంజీవి గొంతుతో కథా పరిచయం. పేర్లు చూస్తే లోటు లేదు. అయినా తీర్పు ఏకగ్రీవంగా రాలేదు.

ఆ తీర్పును హైదరాబాద్ మల్టీప్లెక్సు నుంచి కాక కేసముద్రం లాంటి ఊరి నుంచి చూస్తే మరో సంగతి బయటపడుతుంది. కాజీపేట, విజయవాడ రైలుమార్గంలో నెక్కొండ దాటాక, మహబూబాబాద్‌కు ముందు వచ్చే స్టేషన్ ఇది. చుట్టుపక్కల ఊళ్లకు వ్యవసాయ మార్కెట్టు ఉన్న చోటు. సినిమా విడుదలయ్యే నాటికి వరంగల్ జిల్లాలో ఉంది. ఏడాది దాటాక, 2016 అక్టోబరు 11న, కొత్తగా ఏర్పడిన మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది. వాయవ్యంగా వెళ్తే ఓరుగల్లు కోట. ఉత్తరాన గణపతిదేవుడి కాలంలో జగదాళ ముమ్మడి కట్టించిన పాకాల చెరువు. ఆగ్నేయంగా కురవి వీరభద్రస్వామి గుడి. ఈ మూడింటి మధ్య బతికే ప్రేక్షకుడికి కాకతీయులు పాఠ్యపుస్తకంలోని మనుషులు కారు. వాళ్లు తవ్వించిన చెరువుల నీళ్లు ఇంకా పొలాలకు పారుతూనే ఉన్నాయి.

కురవి పేరు ఊరికే చెప్పింది కాదు. కాకతీయులు అనుమకొండలో నిలదొక్కుకోకముందు వారి చరిత్రలో గట్టిగా వినిపించే ఊరు ఇదే. విరియాల వంశపు గూడూరు శాసనం ప్రకారం, విరియాల ఎర్రన భార్య కామసాని పూనుకొని బేతరాజును కాకతీయ పీఠం మీద నిలబెట్టింది. అంటే ఒక మహిళ నిలబెట్టిన వంశాన్నే రెండు శతాబ్దాలు దాటాక మరో మహిళ ఏలింది. గుణశేఖర్ చిత్రం ఈ కథ జోలికి పోలేదు. పోయి ఉంటే ఈ ప్రాంతంలో ఈలలు ఇంకొంచెం గట్టిగా వినిపించేవేమో.

చరిత్ర ఏం చెబుతుంది

చిత్రం మీద వచ్చిన పొగడ్తలూ తెగడ్తలూ అర్థం కావాలంటే ముందు చరిత్రలోని రుద్రమను తెలుసుకోవాలి. గణపతిదేవుడు 1199లో రాజ్యానికి వచ్చాడు. ఆయనకు కొడుకులు లేరు. కూతురు రుద్రమ 1262 నుంచి 1289 వరకు పాలించింది. అంతకు కొన్నేళ్ల ముందే తండ్రితో కలిసి రాజ్యభారం మోసింది. నిడదవోలు చాళుక్య వీరభద్రుడు భర్త. కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడిని వారసుడిగా ఎంచుకుంది. దేవగిరి యాదవ మహాదేవుడి దండయాత్రను తిప్పికొట్టింది. శాసనాలు ఆమెను చాలాచోట్ల ‘రుద్రదేవ మహారాజు’ అని మగ పేరుతోనే పిలిచాయి. ‘రాయగజకేసరి’ అన్నది ఆమె బిరుదు.

ఆమెను మగపిల్లవాడిలా పెంచారని, ఆడపిల్ల అన్న సంగతి దాచారని చెప్పే కథకు పునాది ఈ మగ పేరే. చిత్రం మొదటి సగం మొత్తం దీని మీదే నడిచింది. అయితే పేరు పుంలింగంలో ఉండటం వేరు, మనిషిని ఏళ్ల తరబడి దాచిపెట్టడం వేరు. మొదటిది శాసనంలో ఉంది, రెండోది సంప్రదాయ కథనంలో ఉంది. దర్శకుడు రెండోదాన్ని ఎంచుకున్నాడు. సినిమావాడిగా అది సబబైన ఎంపికే. దాచిన రహస్యం ఉంటేనే బయటపడే ఘట్టం ఉంటుంది.

రుద్రమను పొరపాటుగా అర్థం చేసుకున్నది మన కాలం ప్రేక్షకులే కాదు. ‘ప్రతాపచరిత్ర’ అనే పాత తెలుగు గ్రంథం ఆమెను గణపతిదేవుడి భార్యగా చెప్పింది. వెనీసు యాత్రికుడు మార్కోపోలో కూడా మోటుపల్లి రాజ్యాన్ని ఒక వితంతు రాణి ఏలుతోందని, భర్త పోయాక నలభై ఏళ్లుగా న్యాయంగా పాలిస్తోందని రాయించాడు. న్యాయంగా పాలించిందన్న మాట నిలిచింది, మిగతాది నిలవలేదు.

క్రూసేడు కథలకూ ఓరుగల్లుకూ నిజంగా ముడిపడే చోటు కూడా మార్కోపోలోనే. ఆయన 1271లో తూర్పుకు బయలుదేరినప్పుడు దాటి వచ్చిన రేవుల్లో ఏకర్ ఒకటి. పవిత్రభూమిలో క్రూసేడర్ల చేతిలో మిగిలిన ముఖ్యమైన కోట అది, 1291లో పడిపోయింది. రుద్రమ పాలన పూర్తిగా ఆ చివరి దశాబ్దాల్లోనే సాగింది. తర్వాత 1298 ప్రాంతంలో జెనోవా చెరలో ఉండగా మార్కోపోలో చెప్పిన సంగతులను రాసిపెట్టిన తోటి ఖైదీ, పీసా నగరానికి చెందిన రుస్తికెల్లో. అతడు అప్పటికే ఆర్థర్ రాజు కొలువులోని వీరుల కథలు రాసి పేరు తెచ్చుకున్నవాడు. అశ్వవీరుల గాథలు రాసే చెయ్యే తెలుగు రాణి కబురును పడమటి దేశాలకు చేరవేసింది.

తెలుగు ప్రేక్షకుడి అలవాటు

రుద్రమ కంటే చాలాముందే తెలుగువాళ్లకు మధ్యయుగ యుద్ధం తెరమీద చూసే అలవాటు ఉంది. గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టి మధ్యలో కన్నుమూయగా ఎల్వీ ప్రసాద్ పూర్తిచేసిన ‘పల్నాటి యుద్ధం’ 1947లో వచ్చింది. నాగమ్మగా కన్నాంబ, బ్రహ్మనాయుడిగా గోవిందరాజుల సుబ్బారావు, బాలచంద్రుడిగా అక్కినేని నాగేశ్వరరావు. మళ్లీ 1966లో గుత్తా రామినీడు దర్శకత్వంలో అదే పేరుతో మరో చిత్రం వచ్చింది. ఈసారి ఎన్టీఆర్ బ్రహ్మనాయుడు, భానుమతి నాగమ్మ. పల్నాటి యుద్ధం జరిగింది పన్నెండో శతాబ్దం చివరి భాగంలో. సలాదిన్ జెరూసలేంను తిరిగి పట్టుకున్నదీ (1187), దాని కోసం మూడో క్రూసేడు నడిచినదీ (1189 నుంచి 1192) ఆ రోజుల్లోనే.

పల్నాడులో కూడా మతం ఉంది. బ్రహ్మనాయుడిది వైష్ణవం, నాగమ్మది శైవం. అన్ని కులాలవారినీ ఒకే బంతిలో కూర్చోబెట్టిన చాపకూడు ఉంది. కానీ ప్రేక్షకులు దాన్ని మతయుద్ధంగా చూడలేదు, దాయాదుల పోరుగా చూశారు. కోడిపందెం, అరణ్యవాసం, రాయబారం ఉన్న కథ కాబట్టి తెలిసిన మహాభారతం పక్కన పెట్టి చూసుకున్నారు. ఇదే తెలుగు ప్రేక్షకుడి మొదటి లక్షణం. తేదీ అడగడు, నీతి అడుగుతాడు; ఎవరిది తప్పు, ఎవరు మాట మీద నిలబడ్డారు అని చూస్తాడు. కారెంపూడిలో ఏటా కార్తీకంలో వీరుల ఆరాధన జరిగే చోట, వీరవిద్యావంతులు రాత్రంతా కథ పాడే చోట, సినిమా కూడా ఆ పాటకు కొనసాగింపే అయింది.

రెండో లక్షణం, పాత్రను బట్టి తీర్పు. 1947 నాగమ్మ కంటే 1966 నాగమ్మ మీద ప్రేక్షకుల గౌరవం పెరగడానికి కారణం భానుమతి. కన్నాంబ ప్రతిభ తక్కువదని కాదు. భానుమతి తెరమీదికి వస్తే ప్రతినాయకురాలు కూడా తెలివైన మంత్రిణిలా కనిపిస్తుంది. నాగమ్మను దుష్టురాలిగా కాక, మగవాళ్ల రాజకీయంలో నెగ్గుకొచ్చిన తొలితరం మహిళా మంత్రిగా చూడాలనే వాదన తర్వాతి కాలంలో బలపడింది. కొన్ని కథనాలు ఆమె పుట్టిన ఊరు కరీంనగర్ వైపు ఆరవెల్లి అంటాయి. ఆ మాట తెలిసిన తెలంగాణ ప్రేక్షకుడు పల్నాటి కథను కాస్త వేరుగా చూస్తాడు.

బొబ్బిలి కథది మరో దారి. 1964లో ‘బొబ్బిలి యుద్ధం’, 1986లో దాసరి నారాయణరావు ‘తాండ్ర పాపారాయుడు’ వచ్చాయి. మొదటిదాంట్లో పాపారాయుడు ఎస్వీ రంగారావు, రెండోదాంట్లో కృష్ణంరాజు. 1757 నాటి ఆ యుద్ధం మధ్యయుగం కిందికి రాదు కనుక ఇక్కడ దాని గురించి ఇంతకంటే అవసరం లేదు. ఆ కృష్ణంరాజే మూడు దశాబ్దాల తర్వాత గణపతిదేవుడి కిరీటం పెట్టుకున్నాడని మాత్రం గుర్తుంచుకోవాలి.

2009లో వచ్చిన ‘మగధీర’ చరిత్ర లేకుండానే చారిత్రక చిత్రం రుచి చూపించింది. నాలుగు వందల ఏళ్ల కిందటి ఉదయగఢ్, వందమందిని ఒంటరిగా ఎదుర్కొనే కాలభైరవుడు, శత్రువు శౌర్యానికి తల వంచే షేర్‌ఖాన్. క్రూసేడు చిత్రాల్లోని అశ్వవీరుడికి తెలుగులో దగ్గరి చుట్టం ఎవరంటే ఈ కాలభైరవుడే: రాజ్యం తనది కాదు, ప్రతిజ్ఞ మాత్రం తనది. రాజు కల్పితం, రాజ్యం కల్పితం కాబట్టి ఎవరూ శాసనం చూపించి నిలదీయలేదు.

బాహుబలి నీడలో

‘రుద్రమదేవి’ విడుదల పలుమార్లు వాయిదా పడింది. సెప్టెంబరు 4 అనుకున్నది కూడా వెనక్కి జరిగి అక్టోబరులోకి వచ్చింది. ఈలోగా జులై 10న ‘బాహుబలి’ మొదటి భాగం విడుదలై, యుద్ధదృశ్యం ఎలా ఉండాలన్న దానికి ప్రేక్షకుడి కొలతే మార్చేసింది. రెండిటిలోనూ అనుష్క, రానా ఉన్నారు. కాబట్టి పోలిక రాకుండా ఉండదు. మొదటి ఆట నుంచి బయటికొచ్చినవాళ్ల నోట, పత్రికల సమీక్షల్లో, ఎక్కువగా వినిపించిన ఫిర్యాదు గ్రాఫిక్సు మీదే. భారతదేశపు తొలి చారిత్రక స్టీరియోస్కోపిక్ 3డీ చిత్రం అని ప్రచారం చేసుకున్న సినిమాకు ఇది గట్టి దెబ్బే. పైగా 3డీ సదుపాయం లేని చిన్న ఊళ్ల హాళ్లలో చిత్రం 2డీలోనే ఆడింది. అద్దాల కోసం తీసిన దృశ్యాలను అద్దాలు లేకుండా చూస్తే అతుకులు ఇంకా బాగా కనిపిస్తాయి.

ఈ పోలికలో కొంత అన్యాయం ఉంది. ‘బాహుబలి’ మాహిష్మతి ఎవరూ చూడని ఊరు. ఓరుగల్లు అలా కాదు. కోటలో నిలిచిన నాలుగు తోరణాల రూపం తెలంగాణ రాష్ట్ర చిహ్నంలోకే ఎక్కింది. తోట తరణి కట్టిన ఓరుగల్లును హైదరాబాద్ ప్రేక్షకుడు సెట్టుగా మెచ్చుకోవచ్చు. ఖిలా వరంగల్‌ను చిన్నప్పటి నుంచి చూసినవాడు రాతితోరణం ఎత్తును, నల్లరాయి రంగును, మట్టికోట వంపును గుర్తుపెట్టుకొని చూస్తాడు. కల్పిత రాజ్యానికి ఈ పరీక్ష ఉండదు. ‘ఒక్కడు’ (2003) కోసం చార్మినార్ సెట్టు వేయించిన గుణశేఖర్‌కు ఈ సంగతి తెలియనిది కాదు. తెలిసీ దిగాడు.

మిగతా ఫిర్యాదుల్లో పాటలు కథను ఆపుతున్నాయన్నది ఒకటి, నడక నెమ్మదించిందన్నది ఇంకొకటి. అనుష్కను పురుషవేషంలో చూసి ఎవరూ అనుమానించకపోవడం కొందరికి నమ్మశక్యంగా లేదు. ఈ చివరిదాన్ని తప్పుగా లెక్కపెట్టాల్సిన పని లేదు. వేషం మారితే తెలిసినవాళ్లు కూడా గుర్తుపట్టకపోవడం మన వీధినాటకం, మన జానపద చిత్రం ఎప్పుడో ఒప్పుకున్న ఒప్పందం. ‘బాహుబలి’ యుగంలో వాస్తవికత కావాలని అడిగిన ప్రేక్షకుడే, ఆ ‘బాహుబలి’లో హీరో జలపాతం పక్కన దూకుతూ పైకి ఎక్కుతుంటే చప్పట్లు కొట్టాడు.

మెచ్చుకున్నవాళ్లు మెచ్చుకున్నది వేరే. తెలుగులో ఇంత పెద్ద ఖర్చుతో ఒక నాయిక చుట్టూ కథ నడపడం, తెలంగాణ రాణి పేరు సినిమా పేరు కావడం, అనుష్క గుర్రం మీద కూర్చున్న తీరు. దర్శకుడే సొంతంగా డబ్బు పెట్టి తీశాడన్న సానుభూతి కూడా తోడైంది. సినిమా యావరేజ్ అన్నవాళ్లు కూడా ప్రయత్నం గొప్పదన్నారు. తెలుగు సమీక్షలో ‘ప్రయత్నం గొప్పది’ అన్న మాటకు అర్థం అందరికీ తెలిసిందే.

రాణి సినిమాలో గజదొంగ గెలిచాడు

అయితే సినిమా ఆడిన రోజుల్లో, ఆ తర్వాత, జనం నోట నిలిచింది రుద్రమ కాదు, గోన గన్నారెడ్డి. తెరమీద తక్కువ సేపు కనిపించే ఈ పాత్ర సినిమాను పట్టుకుపోయింది. అవార్డులు కూడా ఈ పాత్రను గుర్తించాయి. 63వ ఫిల్మ్‌ఫేర్ దక్షిణాది పురస్కారాల్లో అల్లు అర్జున్‌కు ఉత్తమ సహాయనటుడు అవార్డు వచ్చింది. 2015 సంవత్సరానికి నంది పురస్కారాల్లో ఎస్వీ రంగారావు పేరిట ఇచ్చే ఉత్తమ గుణచిత్ర నటుడి అవార్డూ ఆయనకే. అనుష్కకు ఆ ఏటి ఉత్తమ నటి నంది వచ్చింది. కానీ రుద్రమగా కాదు, ‘సైజ్ జీరో’లో బొద్దుగా ఉండే అమ్మాయిగా.

ఎందుకిలా జరిగిందంటే, యాస. రాజకుటుంబం పుస్తకాల తెలుగు మాట్లాడుతుంటే గన్నారెడ్డి తెలంగాణ మాట మాట్లాడాడు. తనను తెలుగు భాషతో పోల్చుకుంటూ, ఇక్కడా ఉంటాను, అక్కడా ఉంటాను అనే అర్థంలో అతడు చెప్పే మాటకు రెండు రాష్ట్రాల్లోనూ హాళ్లు దద్దరిల్లాయి. అప్పటికి తెలంగాణ ఏర్పడి ఏడాదిన్నర కూడా కాలేదు. అంతవరకు తెలుగు తెరమీద ఈ యాస ఎక్కువగా హాస్యగాడికో, రౌడీకో దక్కేది. పెద్ద హీరో, అదీ తెలంగాణకు బయటి కుటుంబం నుంచి వచ్చిన హీరో, వీరుడి పాత్రలో ఆ మాట పలికితే ఓరుగల్లు సీమలో దానికి వచ్చే విలువ వేరు.

పదమూడో శతాబ్దంలో ఎవరైనా ఇప్పటి పాలమూరు యాస మాట్లాడారా అని కొందరు పెదవి విరిచారు. న్యాయమైన ప్రశ్నే. కానీ అదే చిత్రంలో శివదేవయ్య మాట్లాడిన సమాస భూయిష్ఠమైన తెలుగు కూడా ఆనాటిది కాదు; అది ఇరవయ్యో శతాబ్దపు పౌరాణిక నాటకాల తెలుగు. ఒకటి చెవికి అలవాటైంది, ఇంకొకటి కాలేదు. అంతే తేడా.

గన్నారెడ్డి చరిత్రలో ఉన్నవాడే. వర్ధమానపురం ఏలిన గోన వంశస్థుడు. తెలుగులో తొలి ద్విపద రామాయణమైన ‘రంగనాథ రామాయణం’ రాసిన గోన బుద్ధారెడ్డి ఈ వంశంవాడే. రాయచూరు కోటలో 1294 నాటి తెలుగు శాసనం, గన్నయ రెడ్డి తరఫున విఠలనాథుడు కోట కట్టించిన సంగతి చెబుతుంది. అంటే అతడు సరిహద్దు కాచిన సామంతుడు. పెద్దలను దోచి పేదలకు పెట్టే గజదొంగ రూపం అడివి బాపిరాజు నవల ‘గోన గన్నారెడ్డి’ ఇచ్చింది. జనం గుర్తుపెట్టుకున్నది ఆ నవల గన్నారెడ్డినే. కేసముద్రం, జనగామ వైపు గోల్కొండ మీద తిరగబడ్డ సర్వాయి పాపన్న కథ విని పెరిగినవాళ్లకు ఇలాంటి వీరుడు కొత్తవాడేం కాదు. సింహాసనం మీద ఉన్నవారి కంటే, దానికి దూరంగా నిలబడి ఎదిరించేవాడి వైపు మొగ్గడం ఈ నేల మనిషికి బాగా తెలుసు. రుద్రమకు జరిగిన నష్టం అక్కడే. దర్శకుడు ఆమెను ధర్మమూర్తిగా తీర్చాడు; ధర్మమూర్తికి దండం పెడతారు, ఈల వేయరు.

పన్ను, పురస్కారం, పంతం

సినిమా చుట్టూ ప్రభుత్వ స్థాయి వివాదం కూడా నడిచింది. తెలంగాణ ప్రభుత్వం చిత్రానికి వినోదపు పన్ను మినహాయించింది. ఆంధ్రప్రదేశ్‌లో మినహాయింపు దక్కలేదు. పదిహేను నెలలకు, 2017 సంక్రాంతికి, బాలకృష్ణ నూరో చిత్రం ‘గౌతమీపుత్ర శాతకర్ణి’ వచ్చినప్పుడు రెండు రాష్ట్రాలూ మినహాయింపు ఇచ్చాయి. గుణశేఖర్ ఇది బహిరంగంగానే ప్రశ్నించాడు. అదే ఏడాది నవంబరులో నంది పురస్కారాల ప్రకటన వచ్చాక, ఉత్తమ చిత్రాల జాబితాలో తన సినిమాకు చోటెందుకు లేదని బహిరంగ లేఖ రాశాడు. రుద్రమ తెలంగాణ రాణా, తెలుగు రాణా అన్న ప్రశ్న ఆ గొడవ అడుగున ఉంది. నిడదవోలు కోడలు, మోటుపల్లి రేవుకు యజమాని, త్రిపురాంతకం వరకు శాసనాలున్న వంశపు రాణిని ఒక రాష్ట్రానికి కట్టేయడం చరిత్రకు ఒప్పదు. కానీ 2015లో రెండు రాష్ట్రాల ప్రేక్షకులు ఆమెను ఒకేలా సొంతం చేసుకోలేదు. కాకతీయుల పేరిట చెరువులు బాగుచేసే పథకం ‘మిషన్ కాకతీయ’ తెలంగాణలో అదే ఏడాది మొదలైంది. ఇక్కడి ఊళ్లలో ఆ పేరు అప్పటికే పూడికమట్టి ట్రాక్టర్ల మీద తిరుగుతోంది.

కోటకు అవతల నుంచి

ఇంతవరకు చెప్పిందంతా కాకతీయులను మనవాళ్లు అనుకునే ప్రేక్షకుల సంగతి. కేసముద్రం చుట్టుపక్కల ఇంకో ప్రేక్షకుడు ఉన్నాడు. మహబూబాబాద్ శాసనసభ, లోక్‌సభ స్థానాలు రెండూ గిరిజనులకు రిజర్వయినవి. తండాలు, గూడేలు నిండుగా ఉన్న ప్రాంతం. రెండేళ్లకోసారి మాఘమాసంలో జనం మేడారం కదులుతారు. అక్కడ వినిపించే కథలో కాకతీయ సైన్యం శత్రువు. కరువులో కప్పం కట్టలేమన్న కోయదొరల మీదికి ప్రతాపరుద్రుడి సేన వచ్చిందని, సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజు, జంపన్న పోరాడారని, జంపన్న దూకిన సంపెంగవాగు జంపన్నవాగు అయిందని చెబుతారు. శాసనాల్లో ఈ యుద్ధం కనపడదు. కోటి మందిని కదిలించే జ్ఞాపకానికి శాసనం లేదన్నది పెద్ద అడ్డంకీ కాలేదు. 2024లో రాష్ట్ర చిహ్నం మార్చాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు కాకతీయ తోరణం ఉండాలా వద్దా అని సాగిన చర్చలో ఈ రెండు చూపులూ ఎదురుపడ్డాయి. ఒకరికి అది కళావైభవం, ఇంకొకరికి రాచరికం.

ఇక్కడే క్రూసేడు చిత్రాల అనుభవం పనికొస్తుంది. రిడ్లీ స్కాట్ ‘కింగ్‌డమ్ ఆఫ్ హెవెన్’ 2005లో థియేటర్లకు వచ్చినప్పుడు 144 నిమిషాలు. చాలామంది పెదవి విరిచారు. కోసేసిన దృశ్యాలు చేర్చి 190 నిమిషాలు దాటిన దర్శకుడి కూర్పు బయటికి వచ్చాక అదే చిత్రాన్ని చాలామంది నెత్తిన పెట్టుకున్నారు. అభిప్రాయం మారడానికి ఒక కారణం నిడివి. మరో కారణం సలాదిన్ పాత్ర. గెలిచిన జెరూసలేంలో నేలన పడిన శిలువను సలాదిన్ ఎత్తి నిలబెట్టే దృశ్యానికి బీరూట్ హాలులో ప్రేక్షకులు లేచి చప్పట్లు కొట్టారని పాత్రికేయుడు రాబర్ట్ ఫిస్క్ రాశాడు. అవతలి పక్షానికి కూడా ముఖం ఇస్తే, అవతలి పక్షం ప్రేక్షకుడు కూడా టికెట్టు కొంటాడు. ఈజిప్టు దర్శకుడు యూసుఫ్ షాహిన్ 1963లోనే సలాదిన్‌ను నాయకుడిగా పెట్టి అదే యుద్ధాన్ని అవతలి వైపు నుంచి తీశాడు. ఒక యుద్ధం మీద రెండు చిత్రాలు, రెండు వైపుల నుంచి.

తెలుగులో అలాంటి జంట ఇంకా కుదరలేదు. సమ్మక్క, సారలమ్మల కథను భక్తి చిత్రంగా తీశారు తప్ప, ‘రుద్రమదేవి’కి ఎదురుగా నిలబెట్టగల యుద్ధచిత్రంగా తీయలేదు. ‘రుద్రమదేవి’లోని యాదవ మహాదేవుడు కూడా కేవలం దుర్మార్గుడు, అతడికి ఒక దేశం, ఒక లెక్క, ఒక భయం ఉన్నట్టు సినిమా చూపదు. ఈ చిత్రం మీద వచ్చిన విమర్శల్లో గ్రాఫిక్సుకు దక్కిన చోటులో పదోవంతు కూడా ఈ లోపానికి దక్కలేదు. అసలు పెద్ద లోపం మాత్రం ఇదే. గ్రాఫిక్సు పదేళ్లకు ఎలాగూ పాతబడతాయి. ‘బాహుబలి’వి కూడా పాతబడుతున్నాయి. శత్రువుకు ముఖం లేని యుద్ధం మొదటిరోజే పాతది.

రుద్రమ కథలో సినిమా చెప్పకుండా వదిలేసిన ఘట్టం మరొకటి ఉంది. ఆమె చివరి పోరు. నకిరేకల్ దగ్గరి చందుపట్లలో దొరికిన 1289 నవంబరు నాటి శాసనం, పువ్వుల ముమ్మడి అనే సేవకుడు రుద్రమకు, సేనాని మల్లికార్జున నాయకుడికి శివలోకప్రాప్తి కలగాలని భూమి దానం చేసిన సంగతి చెబుతుంది. కాయస్థ అంబదేవుడి తిరుగుబాటును అణచడానికి వెళ్లి, పెద్ద వయసులో ఆమె యుద్ధంలోనే కన్నుమూసిందని చరిత్రకారులు దీని ఆధారంగా భావిస్తున్నారు. సొంత సామంతుడి చేతిలో ఓడిన ముసలి రాణి కథ తీయాలంటే ఈలల ఆశ వదులుకోవాలి. గుణశేఖర్ ఆమె విజయం దగ్గర ఆగిపోయాడు. ప్రతాపరుద్రుడి మీద తర్వాతి చిత్రం ఉంటుందని ప్రకటించాడు కూడా. కానీ ఆయన నుంచి తర్వాత వచ్చింది 2023 ఏప్రిల్ 14న విడుదలైన ‘శాకుంతలం’. 1323లో ఢిల్లీ సేనల ముట్టడితో ముగిసిన ఓరుగల్లు చివరి అధ్యాయం ఇంకా పెద్ద తెరకు ఎక్కాల్సే ఉంది. ఎవరు తీసినా కోట లోపల ఒక కెమెరా, మేడారం గట్టున ఒక కెమెరా పెట్టాలి.